ఏడంగుళాల మేస్త్రి

ప్రపంచంలో ఏ ఇద్దరు పోట్లాడుకున్నా తప్పు వాళ్ళది కాదు, వాళ్ళు కూర్చున్న కుర్చీలది అని ఆ కాలేజీ వడ్రంగి మేస్త్రికి గట్టి నమ్మకం. నమ్మి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు పట్టుకుని వచ్చి కొలుస్తాడు.

గొంతులు లేస్తే చాలు, ఎక్కడున్నా మేస్త్రి చెవిన పడేది. ఫీజుల కౌంటరు దగ్గరా, లైబ్రరీ గుమ్మంలోనా, స్టాఫు రూములోనా అని లేదు. తలుపు తోసుకుని వచ్చేసేవాడు.

"ఆగండి బాబూ, ఆగండి. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి. అందుకే మీకు ఒళ్ళు మండుతోంది."

"మేం నిలబడి పోట్లాడుకుంటున్నాం కదయ్యా!"

"అంతకుముందు ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటారుగా" అనేవాడు, వెతుకుతున్న కుర్చీ దొరికినట్టు.

ఆ టేపు సంగతి చెప్పుకోవాలి. దానికి మొదటి ఏడంగుళాలు లేవు. ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు ఎక్కడికి పోయాయో పోయాయి, ఏడు దగ్గర మొదలవుతుంది. మేస్త్రి దాన్ని తన చేత్తో పట్టుకోడు. పోట్లాడుకునేవాళ్ళలో ఒకరికి కొక్కెం ఉన్న చివర ఇస్తాడు, రెండో మనిషికి డబ్బా ఇస్తాడు. "నాకు కళ్ళు ఆనవు, మీరే చూసి చెప్పండి" అంటాడు. కళ్ళజోడు జేబులోంచి తొంగిచూస్తూనే ఉంటుంది. పైగా ఒక షరతు. "ఇద్దరూ ఒకే అంకె చెప్తేనే రాసుకుంటాను. మీరొకటి, ఆయనొకటి చెప్తే నా చెక్క పాడవుతుంది."

ఓసారి స్టాఫు రూములో ఫిజిక్సు మాస్టారికీ, కామర్సు మాస్టారికీ కిటికీ దగ్గర తగువు పడింది. ఒకాయనకి తెరిచి ఉండాలి, ఇంకొకాయనకి మూసి ఉండాలి. పేపరు వెయిటు చేతిలోకి వచ్చే దశలో మేస్త్రి వచ్చి, ఇద్దరి మధ్యా ఉన్న బల్లకి టేపు పట్టించాడు.

"నలభై తొమ్మిది" అన్నాడు కామర్సు.

"ముందు ఏడు లేవు కదండీ. సరిచూసి చెప్పండి" అన్నాడు మేస్త్రి.

"లేనివి కలపాలి. యాభై ఆరు."

"కలపడమేమిటండీ! తీసెయ్యాలి. నలభై రెండు" అన్నాడు ఫిజిక్సు.

"పోయినదాన్ని మళ్ళీ తీసెయ్యడమేమిటి? పోయింది కాబట్టే కలపాలి!"

కిటికీ సంగతి అక్కడితో సరి. ఇరవై నిమిషాలు కలపాలా తీయాలా అని కొట్టుకున్నారు. చివరికి ఫిజిక్సు మాస్టారు నేలమీద సుద్దముక్కతో గీసి చూపించాడు. కామర్సు మాస్టారు కిందకూర్చుని చూసి, "అవునండోయ్!" అన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఈ అన్యాయమైన టేపు మీద మండిపడి, మేస్త్రికి కొత్త టేపు ఇప్పించాలని ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. కిటికీ అప్పట్నుంచీ సగం తెరిచి ఉంటోంది. ఎవరు అలా పెట్టారో ఇద్దరికీ గుర్తులేదు.

కొత్త టేపు వచ్చింది. మేస్త్రి రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని, స్టోరు పుస్తకంలో వేలిముద్రంత సంతకం పెట్టాడు. మర్నాడు మళ్ళీ ఏడంగుళాలు తక్కువ టేపుతోనే ప్రత్యక్షం.

"కొత్తదేదయ్యా?" అన్నాడు స్టోరుకీపరు.

"మంచిది కదండీ. దాచాను."

అలా నాలుగు కొత్త టేపులు దాచాడు. వెనకాల అందరూ ఏడంగుళాల మేస్త్రి అనేవాళ్ళు. ఎదురుగా కూడా అనేవాళ్ళు. పలికేవాడు.

మరి అలాంటి టేపుతో కొలిచి చేసే మనిషి పని ఎలా ఉండాలి? ఆ కాలేజీలో మేస్త్రి పెట్టిన తలుపు ఒక్కటీ బిగుసుకోదు, ఒక్కటీ వదులవదు. సొరుగు లాగితే కూజాలో నీళ్ళు వంపినట్టు వస్తుంది. అతుకు ఎక్కడుందో గోరుపెట్టి వెతికినా దొరకదు. ఈ రెండూ ఎలా పొసుగుతాయని ఒక్కరూ అడగలేదు. మాటలు చెప్పి బతికేవాళ్ళం మనం అతుకుల వైపు ఎప్పుడు చూశాం గనక!

ఆ ఏడాది కాలేజీకి కొత్త మేడం వచ్చింది. ఉద్యోగం ఏడాదికే; నచ్చితే ఉంచుతారు. ఆవిడ చెప్పవలసింది కొత్త పాఠం: విద్యార్థులు తిట్టుకోకుండా చర్చించుకోవడం, చుట్టుపక్కల జనంతో కూర్చుని ఉమ్మడి పనులు చక్కబెట్టుకోవడం. టైంటేబుల్లో దాని పేరు "సంభాషణ - పౌర జీవనం". పిల్లలు పెట్టిన పేరు గొడవల క్లాసు.

మేడం పది రోజులు శిక్షణ తీసుకుని, అట్టకి అంటించిన ఎనిమిది మెట్ల కాగితం పట్టుకుని వచ్చింది. మొదటి మెట్టు: ఎదుటివారు అన్నది ముందు మీరు తిరిగి చెప్పండి. క్లాసులో ఆ మొదటి మెట్టు మీదే అందరూ జారి పడ్డారు.

జారడానికి ఇద్దరు ముఖ్యకారకులు. ఒకడు మైకు. వాడు గుసగుసలాడితే పక్క బ్లాకులో నోట్సు రాసుకునేవాళ్ళు. రెండోది ఆధారం. ఆ పిల్లతో ఎవరైనా "గుడ్ మార్నింగ్" అన్నా "దానికి ఆధారం ఏది?" అంటుంది.

"కాలేజీ వెనక గేటు తెరిచి ఉంచాలి!" అన్నాడు మైకు. అదే ఆ టర్ముకి ఇచ్చిన అంశం. వెనక గేటు దగ్గర పిల్లలు స్కూటర్లు పెడతారు, ఆ వీధివాళ్ళకి దారి ఉండదు, గేటు మూసెయ్యమని వాళ్ళు కాగితాలు పెడుతున్నారు. పిల్లలు వాళ్ళతో మాట్లాడి, ఇద్దరికీ కుదిరే ఒప్పందం ఒకటి రాసుకురావాలి.

"మైకు ఏమన్నాడో తిరిగి చెప్పమ్మా" అంది మేడం.

"అరిచాడు మేడం."

"ఏమని?"

"వినపడలేదు మేడం, అంత గట్టిగా అరిస్తే."

"అబద్ధం!"

"ఆధారం?"

తలుపు తెరుచుకుంది. "ఆగండి బాబూ. ఈ బల్ల ఊగుతోంది."

టేపు ఒక చివర మైకు చేతిలో, డబ్బా ఆధారం చేతిలో. ఏడు తీయాలా, కలపాలా. పావుగంట గడిచిపోయింది, గంట కొట్టారు. మేడం అట్టని గుండెలకి హత్తుకుని గోడకి ఆనుకుంది. ఎనిమిది మెట్లలో టేపు అనే మెట్టు లేదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. దానికి తోడు మేస్త్రి సరిగ్గా ఆ క్లాసు వరండా కిటికీ దగ్గర ముక్కాలి పీట వేసుకుని మడతబందు ఒకటి బాగుచేస్తూ కూర్చునేవాడు. ఒక్క మడతబందు. మూడు వారాలు.

"ఇంకా అవలేదా మేస్త్రిగారూ?"

"మొండిదమ్మా. విప్పితే బిగుసుకుంటుంది, బిగిస్తే ఊడుతుంది."

"మీరు నా క్లాసులోకి రాకుండా ఉండలేరా?"

"నేను రావట్లేదు మేడం. కుర్చీలు పిలుస్తున్నాయి."

ఎంతైనా ఓర్పు పాఠం చెప్పే మనిషి కాబట్టి మేడం నాలుగో వారం దాకా ఓర్చుకుంది. ఆ తర్వాత ప్రిన్సిపాల్‌కి కాగితం రాసింది. మేస్త్రి తన క్లాసు గడప దాటకూడదని ఉత్తర్వు ఇవ్వమని కోరింది. రాసేటప్పుడు చెయ్యి కొంచెం ఆగింది. మేస్త్రి ఆవిడని ఒక్క మాటా అనలేదు. పైగా ఆవిడ బల్ల సొరుగు అడక్కుండానే బాగుచేసి వెళ్ళాడు. అయినా రాసింది. ఉద్యోగం ఏడాదిదే.

ప్రిన్సిపాల్ కాగితం చదివి ఉత్తర్వు ఇచ్చాడు. దానితో పాటు ఇంకొకటి కూడా చెప్పాడు.

"చూడమ్మా, మీ క్లాసు గోల రోజూ నా గది దాకా వస్తోంది. సోమవారం కాలేజీ కమిటీ కార్యదర్శిగారు వచ్చి చూస్తారు. గంటసేపు గొడవ లేకుండా చర్చ జరిగిందా, పాఠం ఉంటుంది, మీరూ ఉంటారు. జరగలేదా, ఆ గంట తీసి లైబ్రరీలో నిశ్శబ్దానికి ఇచ్చేస్తాను. మాట్లాడ్డం నేర్పితే గొడవ. నోరు మూసుకోవడం నేర్పితే క్రమశిక్షణ. ఖర్చు కూడా లేదు."

ఉత్తర్వు అందుకున్న మేస్త్రి దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం మేడం వరండాలోకి వచ్చేసరికి మడతబందు దగ్గరే ఉన్నాడు.

"మేస్త్రిగారూ, ఉత్తర్వు..."

"చదివానమ్మా. గడప దాటొద్దన్నారు. కిటికీ గడప ఇవతలేగా ఉంది."

సోమవారం వచ్చింది. కార్యదర్శి పొట్టిగా, గుండ్రంగా, ఇస్త్రీ చేసిన బస్తాలా ఉన్నాడు. ప్రిన్సిపాల్ పొడుగ్గా, వంగి, ప్రశ్నార్థకంలా ఉన్నాడు. ఇద్దరికీ ముందు వరసలో బల్ల వేశారు. పిల్లలు ఆదివారమంతా సాధన చేసి వచ్చారు. మైకు గొంతు తగ్గించుకోవడానికి మెడకి రుమాలు బిగించి కట్టుకున్నాడు. ఆధారం తన మాట నోటు పుస్తకం అట్ట మీద రాసి, ఎర్ర సిరాతో కొట్టేసుకుంది.

"వెనక గేటు తెరిచి ఉంచాలని నా అభిప్రాయం" అన్నాడు మైకు, మనిషి గొంతుతో.

"గేటు తెరిచి ఉంచాలని నువ్వంటున్నావు" అంది ఆధారం. పెదవి కొరుక్కుని, "అంతే. ఇంకేమీ అడగను" అంది.

మేడంకి కళ్ళు చెమర్చాయి. పదిహేను నిమిషాలు గడిచాయి. ఒక్క గొంతు లేవలేదు. ప్రిన్సిపాల్ పొంగిపోయి కార్యదర్శి వైపు వంగి, "చూశారా సార్? నిజమే, ఆ గేటు తెరిచి ఉంచడమే మంచిది. ముందు గేటు రద్దీలో రోజూ నాకే ఆలస్యమవుతోంది" అన్నాడు.

కార్యదర్శి మొహం ఎర్రబడింది. "మా ఇల్లు ఆ వెనక వీధిలోనే ఉందని మీకు తెలుసా ప్రిన్సిపాల్‌గారూ?"

"తెలీదు సార్."

"నా కారు పది రోజులుగా ఇంట్లోంచి బయటికి రాలేదని తెలుసా? మా గేటుకి అడ్డంగా పదిహేడు స్కూటర్లు! ఇవాళ నేను ఆటోలో వచ్చాను!"

"కాలేజీ ముఖ్యమా, కారు ముఖ్యమా సార్?"

"ఏమన్నారు?"

"అన్నదే అన్నాను!"

ఇద్దరూ లేచారు. కుర్చీలు వెనక్కి పడ్డాయి. కార్యదర్శి బల్ల గుద్దాడు, ప్రిన్సిపాల్ అంతకంటే పెద్దగా గుద్దాడు. మేడం అట్ట పట్టుకుని ఎదురెళ్ళింది. "సార్, దయచేసి ఆయన అన్నది ముందు మీరు తిరిగి..."

"నువ్వుండమ్మా!" అన్నారిద్దరూ. అప్పటిదాకా వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన మాట అదొక్కటే.

మైకు రుమాలు విప్పేస్తున్నాడు. "మా క్లాసులో గొడవ చేసేది వీళ్ళా!" అని లేవబోతున్నాడు. మేడం అట్ట దించేసింది. పాఠం పోయింది, ఉద్యోగం పోయింది. లైబ్రరీ నిశ్శబ్దం ఆవిడ చెవుల్లో ఇప్పుడే మోగుతోంది. దిక్కు తోచక చుట్టూ చూస్తే వరండా కిటికీలో ఒక స్క్రూడ్రైవరు, దాని పక్కన తెల్లమీసం, ఆ మీసం మీద రెండు కళ్ళు. ఆ కళ్ళు ఊగుతున్న బల్ల వైపు చూసి, ఆవిడ వైపు చూసి, మర్యాదగా మడతబందు మీదికి దిగిపోయాయి.

అప్పుడు తట్టింది ఆవిడకి. ఇద్దరూ ఒకే అంకె చెప్పాలంటే ఒకరు చెప్పింది ఇంకొకరు తిరిగి చెప్పాలి. మొదటి మెట్టు. తప్పెక్కడుందో ఇద్దరూ కలిసి వెతకాలి. మూడో మెట్టు. అయిదో మెట్టు దాకా లెక్కపెట్టి ఆవిడ ఆగిపోయింది.

"మేస్త్రిగారూ!" అంది. "ఇక్కడ బల్ల ఊగుతోంది. చూస్తారా?"

"గడప దాటకూడదు మేడం. ఉత్తర్వు ఉంది."

"నేనే రాయించాను. నేనే రమ్మంటున్నాను."

"ప్రిన్సిపాల్‌గారి సంతకం ఉందమ్మా. ఆయన ఇప్పుడు పనిలో ఉన్నారు." అని కిటికీలోంచి చెయ్యి చాపి టేపు లోపలికి అందించాడు. "కొలిచేదీ చూసేదీ ఎలాగూ నేను కాదుగా."

మేడం టేపు తీసుకుని, కొక్కెం కార్యదర్శి వేలికి తగిలించి, డబ్బా ప్రిన్సిపాల్ చేతిలో పెట్టింది. పెద్దమనుషులిద్దరూ చేతిలోకి వచ్చిన వస్తువుని కిందపడెయ్యలేక పట్టుకున్నారు.

"ఏమిటమ్మా ఇది?"

"బల్ల సార్. ఊగుతోంది. అంకె చెప్పండి, ఏడు సరిచూసి."

"డెబ్భై తొమ్మిది" అన్నాడు ప్రిన్సిపాల్, అలవాటుగా హాజరు వేస్తున్నట్టు.

"ఏడు సరిచూడ్డమేమిటి? ఎనభై ఆరా?" అన్నాడు కార్యదర్శి.

"తీసెయ్యాలి సార్!" అని క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. మైకు గొంతు విడిగా వినిపించింది.

"ఆధారం ఏది?" అన్నాడు కార్యదర్శి.

ఆధారం అనే పిల్ల తుళ్ళిపడి లేచింది. పుట్టి బుద్ధెరిగాక తనని ఆ మాట అడిగినవాళ్ళు లేరు. బోర్డు దగ్గరికి వెళ్ళి గీత గీసి చూపించింది. కార్యదర్శి చూశాడు. "డెబ్భై రెండు" అన్నాడు మెల్లగా.

"డెబ్భై రెండే సార్" అన్నాడు ప్రిన్సిపాల్.

"మీరు డెబ్భై తొమ్మిదన్నారు."

"మీరు ఎనభై ఆరన్నారు."

కార్యదర్శికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు గానీ చొక్కా గుండీలు ఆపలేదు.

"సార్" అన్నాడు మైకు. "మీ ఇంటి గేటుకి ఎంత జాగా వదిలితే కారు వస్తుంది?"

"పది అడుగులు!"

"ఆరు చాలు" అన్నాడు ప్రిన్సిపాల్.

"కొలుద్దామా సార్?" అంది ఆధారం.

ఆ తర్వాత జరిగింది ఆ కాలేజీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. టేపు ఒక చివర కార్యదర్శి, ఇంకో చివర ప్రిన్సిపాల్, మధ్యలో అది వదులు కాకుండా వరండా అంతా నడిచి, మెట్లు దిగి, వెనక గేటు దాటి వీధిలోకి వెళ్ళారు. వెనక నలభైమంది పిల్లలు. మలుపు తిరిగేటప్పుడు టేపు ఒక స్తంభానికి చుట్టుకుంది; అయినా ఎవరూ వదల్లేదు. ముందు వదిలినవాళ్ళు ఓడినట్టని ఇద్దరికీ అనుమానం.

కార్యదర్శి ఇంటి గేటు కొలిచారు.

"నూట అయిదు!"

"ఏడు?"

"తీసెయ్యాలి!" అని పై అంతస్తు బాల్కనీలోంచి కార్యదర్శి భార్య అంది. పిల్లలు అంత గట్టిగా చెప్తుంటే ఆవిడకీ వచ్చేసింది.

"తొంభై ఎనిమిది అంగుళాలు" అన్నారిద్దరూ ఒకేసారి.

మేడం రాసుకుంది. గంట పూర్తయ్యేలోగా ఆ కాగితం మీద ఇంకో నాలుగు వాక్యాలు వచ్చాయి. గేటు పొద్దున్నించి సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. ప్రతి ఇంటి ముందూ కొలిచి తెల్లగీత గీస్తారు. గీత లోపల స్కూటరు పెట్టినవాడు వారంరోజులు నడిచి వస్తాడు. గీతలు గీసేది పిల్లలే. కార్యదర్శి సంతకం పెట్టాడు. వారంలో పిల్లలు టేపు పట్టుకుని మిగతా ఇళ్ళన్నిటికీ వెళ్ళి, కొలిచి, ఏడు తీసేసి, సంతకాలు తెచ్చారు. ఒకావిడ మాత్రం ఇంట్లో మంచం కూడా కొలవమంది. కొలిచారు.

పాఠం ఉండిపోయింది. మేడం కూడా.

పదిరోజుల తర్వాత కార్యదర్శి నుంచి మేస్త్రికి ఒక పెట్టె వచ్చింది. లోపల మెరిసిపోతున్న కొత్త టేపు, ఒక చీటీ: "ఇంత మంచి పనివాడు ఇంత పాడు టేపుతో పనిచెయ్యడం మా కాలేజీకి అవమానం." పెట్టె మేడం చేతికిచ్చి పంపించారు.

మెట్ల కింద మేస్త్రి పనిగది. మేడం ఎన్నడూ అందులోకి వెళ్ళలేదు. మేస్త్రి పెట్టె అందుకుని, కళ్ళకద్దుకుని, చీటీ ఆవిడ చేత చదివించుకుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. కొత్త టేపుని బల్ల పట్టులో బిగించాడు. రేకు కత్తెర తీసి, ఏడు అంకె మీద పెట్టి, కటుక్కున కోసేశాడు.

"అయ్యో!" అంది మేడం.

ఆయన వినలేదు. తెగిన అంచుని ఆకురాయితో నెమ్మదిగా రాస్తున్నాడు. రాసి, బొటనవేలితో తడిమి, మళ్ళీ రాశాడు. ఎవరి వేలూ గీసుకోకూడదు కదా. తర్వాత పాత కొక్కేన్ని కొత్త చివరకి పెట్టి, రెండు చిన్న మేకులతో బిగించాడు. మేడం గోడ వైపు చూసింది. అక్కడ కొయ్యకి నిండు టేపు ఒకటి వేలాడుతోంది, ఒకటి నుంచి అన్ని అంకెలతో, చేతి చమట పట్టి నల్లబడి.

"పని దానితో చేస్తారా?"

"పనికి పని టేపే కావాలి కదమ్మా."

"అయితే కుర్చీలు?"

"ఏ కుర్చీలు?"

"మీరు కొలిపించినవి. కాళ్ళు పొట్టివి."

"నేను చేసిన కుర్చీకి కాలు పొట్టిదవుతుందా?" మేస్త్రికి మొట్టమొదటిసారి కోపం వచ్చింది. కాసేపటికి తగ్గించుకుని అన్నాడు. "మాట సంగతి నాకు తెలీదు మేడం. అది మీ పని. నాకు తెలిసిందల్లా, మనిషి ఉత్తచేతులతో ఉంటే వేలెత్తి చూపిస్తాడు. ఆ వేలికి టేపు తగిలిస్తే చూపించలేడు. ఆ కాస్తలో మీలాంటివాళ్ళు మాట్లాడించుకోవచ్చు."

మేడం కొత్త కొక్కేన్ని తన వేలికి తగిలించుకుని చూసింది. "మూడు వారాలు మడతబందు బాగుచేశారు" అంది.

"కొత్తమ్మాయి, ఒక్కతే నలభైమందితో పడుతోంది కదా అని..." అన్నాడు ఆకురాయి తుడుచుకుంటూ. "మడతబందుకి మాత్రం ఏం రోగం? ఇప్పుడు నిజంగానే వదులైపోయింది పాపం, అన్నిసార్లు విప్పితే. రేపు మార్చాలి."

సొరుగు లాగాడు. కూజాలో నీళ్ళు వంపినట్టు వచ్చింది. లోపల నాలుగు కొత్త టేపులు, కాగితాలు కూడా విప్పకుండా ఉన్నాయి. ఒకటి తీసి బల్ల పట్టులో పెట్టాడు.

"ఇది మీకు. ఎంత తియ్యమంటారు?"

"ఏడేగా?"

"ఏడు విద్యార్థులకి చాలు. మాస్టర్లకి తొమ్మిది. మీరింకా కొత్త, కాస్త ఎక్కువసేపు పడితే మంచిది. పదమూడు తీసేద్దాం."

"మరి మీ ఇంట్లో ఎంతండీ?" అంది మేడం నవ్వాపుకోలేక.

మేస్త్రి కత్తెర పక్కన పెట్టి నిట్టూర్చాడు.

"మా ఆవిడ కనిపెట్టేసిందమ్మా. తిట్టాలనుకున్నప్పుడు ముందుగా టేపు తీసి అటకమీద పడేస్తుంది."